తిప్పి పెట్టిన చెప్పులు

అయిదుంబావుకు దేవరకొండ ఖిల్లా నీడ
మా గల్లీలకు దిగేది.
దాని వెనకే మేము,
చంకల సంచి, నెత్తిన గుడ్డ,
మసీదు పక్క రేకుల గదికి ఉరికేటోళ్ళం.

చదువు అరబీ.
ఇంట్ల మాట తెలుగు.
దూదేకులోళ్ళం గదా,
వాన ఎగ్గొట్టిన ఏడు మా నాయనమ్మ మస్తానమ్మ
అల్లాతోని పంచాయితీ కూడా తెలుగులనే పెట్టేది.

వలీఉద్దీన్ సాబ్‌ది బీదర్.
ఆయన మాకు అక్షరాలు నేర్పిండు,
మేము ఆయనకు తెలుగు నేర్పినం,
జీతం లేకుంట.
ఐన్ అనే అక్షరం గొంతు అడుగున ఉంటదన్నడు.
మా గొంతుల అడుగున బోరు నీళ్ళున్నయి,
పండ్లను పచ్చజేసే నీళ్ళు.
ఎంత తోడినా ఐన్ రాలేదు,
దగ్గొచ్చింది.

ఒకనాడు అడిగిన:
సాబ్, దీని అర్థమేంది?
ఏడాదిగా చదువుతున్న, ఒక్క ముక్క తెల్వదు.
ఆయన కోపానికి రాలే.
మీ తాత పత్తి ఏకుతడు గదా, అన్నడు,
ఏకినంక బరువు పెరుగుతదా?
లేదు సాబ్, అంతే ఉంటది.
మరేమైతది?
నేను చేతులు చాపి చూపెట్టిన,
ఇంత ఉన్నది ఇంతైతది, గాలి జొరబడి.
ఊఁ, అన్నడు,
నడుమ విరిగిన సుద్దముక్క ఏరుకుంట.
అప్పుడు నాకు సమజ్ కాలే.
ఇప్పుడూ సగమే.

పట్నంనుంచి ముగ్గురొచ్చిండ్రు పరీక్షకు.
అత్తరు వాసన, నీలం ఫైలు, ఆకుపచ్చ సిరా.
నేను గడగడ చదివిన.
ఫస్టొచ్చి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చుకున్న.
తమ్ముడు ఇమాంవలీ మూడో వరుసకాడ ఆగిపోయిండు.
నెల దినాలు నేనే బట్టీ పట్టిచ్చిన వరుస అది.
గదంతా ఊపిరి బిగబట్టింది.
పొడుగు గడ్డం పెద్దాయన జాలిపడి అడిగిండు:
పోనీ బేటా, ఈ బడిల ఏం నేర్చుకున్నవో అదే చెప్పు.

వాడు గుమ్మం దిక్కు చూసిండు.
చెప్పులు, అన్నడు.
ఏంది?
చెప్పులు తిప్పుడు.

అప్పటిదాక మాలో ఎవ్వరం చూడలేదు.
మేము ఊగుకుంట చదివేటప్పుడు
సాబ్ మెల్లగ బయటికి పోయేది.
తోలువి, రబ్బరువి, పిన్నీసు గుచ్చినవి,
ముప్పై జతలు
బాట దిక్కు తిప్పి పెట్టేది,
లేచిన పిల్ల తడుముకోకుంట
కాలు పెట్టంగనే నడిచిపోయేటట్టు.
ముసురుల బురద తుడిచి మరీ.
మేమేమో చెప్పులు వాటంతటవే తిరుగుతయనుకున్నం,
కోళ్ళు పొద్దుగూకంగ గంప దిక్కు తిరిగినట్టు.
మెట్టు మీద గోలీలాడుకుంట
మావోని కోసం కూసునే కుమ్మరి ఎల్లేశం,
లోపలికి ఒక్కనాడు రానోడు,
వాని చెప్పులు గూడ తిరిగేవి.

ఫైలుల సున్నా పడ్డది.
సాబ్ తల వంచుకున్నడు,
సిగ్గుతోనో నవ్వుతోనో గడ్డం చెప్పనియ్యలే.
ఇంటికి పోయినంక తమ్మున్ని నేనే కొట్టిన,
పరువు తీసినవని.

చెయ్యి మంట ఇంక పోలేదు.

మొన్న రంజాన్‌ల వాన్ని అడిగిన,
బస్టాండుకాడ పంచర్లేసే చేతులు వానివిప్పుడు:
చెప్పుల సంగతి యాదికున్నదారా?
ఏ చెప్పులక్కా, అన్నడు.
ట్యూబును నీళ్ళల్ల ముంచి
బుడగ ఎక్కన్నుంచి లేస్తదో చూస్తున్నడు.

నాకిప్పుడు ఇరవై రెండుమంది పిల్లలు.
అర్థాలు తెలుగులనే చెప్తున్న.
కొందరికి ఎక్కుతది,
కొందరు కిటికీలకెళ్ళి ఖిల్లా మీది మేకల్ని లెక్కపెడ్తరు.
ధర్మం నేర్పుతున్ననా, ధ్వని నేర్పుతున్ననా,
రాత్రిపూట తేలదు.
తేలనినాడు గూడ
వాళ్ళు చదువుతుంటే బయటికొచ్చి
మోకాళ్ళు పట్టుకుని వంగుత.

నిన్న ఒక జతల రెండూ ఎడమ కాలివే.
ఊర్ల ఎవరో పిల్ల
రెండు కుడివి తొడుక్కుని తిరుగుతున్నట్టే.
వాటిని గూడ
బాట దిక్కే తిప్పి పెట్టిన.